రష్యా కూపన్లకు డబ్బు ఎవరిచ్చారు?

సభకు నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవారికి నా మాట వినబడకపోతే దయచేసి చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక బ్యాంకు సేవ ఎలా ముగిసిందన్న సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న కాలంలో ఫ్రాన్స్‌లోని బ్యాంకులు రష్యా ప్రభుత్వ బాండ్ల వడ్డీ కూపన్లను తమ ఖాతాదారుల నుంచి తీసుకుని, వాటికి డబ్బు చెల్లిస్తూ వచ్చాయి. 1918లో ఆ చెల్లింపు ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి చరిత్ర పుస్తకాలన్నింటిలోనూ ఉంటుంది. నన్ను ఏళ్ళ తరబడి వెంటాడిన ప్రశ్న మాత్రం వేరు. అంతవరకు ఆ డబ్బు ఎవరిచ్చారు? ఈ ఒక్క ప్రశ్నను మనసులో ఉంచుకుని వినండి. నేను మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ముందుగా కూపన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. ఇక్కడున్న యువకులకు కూపన్ అంటే బాండు మీద వచ్చే వడ్డీ రేటు. కంప్యూటర్ తెర మీద కనిపించే ఒక అంకె. నిజానికి అది ఒకప్పుడు కాగితం ముక్క. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖలోని సేఫ్ కస్టడీ బీరువాలో ప్రభుత్వ ప్రామిసరీ నోట్లు ఉండేవి. వాటి వెనకవైపు వరుసగా గళ్ళు గీసి ఉండేవి. ఆరు నెలలకోసారి ఆ నోటును ఖాతాదారు తరఫున మేమే ట్రెజరీకి పంపేవాళ్ళం. అక్కడ వడ్డీ ఇచ్చి, ఒక గడిలో ముద్ర వేసేవారు. ఎన్ని గళ్ళు నిండాయో చూస్తే ఎన్నిసార్లు వడ్డీ ముట్టిందో తెలిసిపోయేది. ఈ సభలో నా వయసువారు ఒకరిద్దరైనా ఆ గళ్ళు చూసే ఉంటారు.

యూరప్‌లో పద్ధతి కొంచెం వేరు. అక్కడ బాండు ఒక పెద్ద ముద్రిత పత్రం. పైభాగంలో అసలు రుణపత్రం, కింద గానీ పక్కన గానీ చిన్న చిన్న ముక్కలుగా కూపన్లు. ఒక్కొక్క కూపన్ మీద ఒక తేదీ, ఒక మొత్తం. ఆ తేదీ రాగానే కత్తెరతో ఆ ముక్క కత్తిరించి బ్యాంకు కౌంటరులో ఇస్తే డబ్బు వస్తుంది. రష్యా బాండ్లలో చాలావాటి మీద రష్యన్‌తో పాటు ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో కూడా షరతులు అచ్చువేసి ఉండేవి. 500 ఫ్రాంకుల బాండు 5 శాతం వడ్డీది అనుకోండి, ఏడాదికి 25 ఫ్రాంకులు. పదవీ విరమణ చేసిన బడిపంతులుకో, పల్లెలో ఉండే వితంతువుకో, చిన్న దుకాణదారుకో ఆ 25 ఫ్రాంకులు లెక్కలోకి వచ్చే డబ్బే. పైగా ఇవి బేరర్ బాండ్లు, అంటే కాగితం ఎవరి చేతిలో ఉంటే వారిదే సొమ్ము.

ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గమనించమని కోరుతున్నాను. వసూలు చేసిపెట్టడం వేరు, చెల్లించడం వేరు. మన ఊరి బ్యాంకు మన కూపన్ తీసుకున్నప్పుడు అది మన తరఫు వసూలుదారు మాత్రమే. కూపన్లను కట్టలు కట్టి, అప్పు తీసుకున్న ప్రభుత్వం తన డబ్బు ఉంచిన పెద్ద బ్యాంకుకు పంపుతుంది. ఆ ప్రభుత్వం ముందుగానే అక్కడ డబ్బు జమ చేసి ఉంచాలి. లండన్‌లో బేరింగ్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లో హోప్, బెర్లిన్‌లో మెండెల్‌సన్, పారిస్‌లో రాత్‌షిల్డ్‌తో మొదలుపెట్టి క్రెడి లియోనే వరకు అనేక సంస్థలు రష్యాకు ఇలా పనిచేశాయి. కౌంటరు దగ్గర నిలబడిన మనిషికి ఇదంతా కనిపించదు. ఆయనకు కనిపించేది గుమాస్తా చెయ్యి, ఆ చేతిలోని నాణేలు. కూపన్ ఇచ్చాను, డబ్బు వచ్చింది, కాబట్టి రష్యా నమ్మకమైనది. ఆయన తర్కం అంతే. ఆయన్ని తప్పుపట్టగలమా?

ఈ అప్పుల చరిత్ర 1888లో మొదలైంది. ఆ సంవత్సరం డిసెంబరులో పారిస్‌లో 50 కోట్ల ఫ్రాంకుల రష్యా రుణం వెలువడింది. అంతవరకు రష్యా ఎక్కువగా బెర్లిన్ మీద ఆధారపడేది. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఆ తలుపు మూసే ప్రయత్నం చేసేసరికి రష్యా పారిస్ వైపు తిరిగింది. తర్వాత రెండు దేశాల మధ్య సైనిక కూటమి కుదిరింది. 1896లో రష్యా చక్రవర్తి జార్ రెండో నికొలస్ పారిస్ వచ్చి, సెన్ నది మీద తన తండ్రి పేరిట కట్టబోయే వంతెనకు పునాదిరాయి వేశాడు. ఆ వంతెన ఇప్పటికీ ఉంది. మీ పిల్లలు పారిస్ వెళ్ళినప్పుడు దాని మీద ఫోటో దిగి ఉంటారు. ఆ రోజుల్లో సామాన్య ఫ్రెంచి కుటుంబానికి రష్యా బాండు కొనడమంటే వడ్డీ సంపాదించడమే గాక దేశానికి మేలు చేయడం కూడా. జర్మనీకి అటువైపున ఉన్న మిత్రదేశానికి రైలు మార్గాలు వేయిస్తున్నామన్న భావన.

బ్యాంకులు ఊరూరా శాఖలు తెరిచి, ఆ శాఖల కౌంటర్లలోనే ఈ బాండ్లను అమ్మాయి. అమ్మినందుకు కమీషన్, తర్వాత కూపన్లు వసూలు చేస్తూ ఖాతాదారును తమ దగ్గరే నిలుపుకోవడం. ప్రభుత్వం అనుమతించకుండా విదేశీ రుణం పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యేది కాదు. కాబట్టి కొనేవాడికి రెండు ధైర్యాలు: మా బ్యాంకు అమ్ముతోంది, మా ప్రభుత్వం ఒప్పుకుంది. దీనికి పత్రికలు తోడయ్యాయి. పారిస్‌లో రష్యా ఆర్థిక ప్రతినిధిగా ఉన్న ఆర్థర్ రఫలోవిచ్ అనుకూల వార్తల కోసం పత్రికలకు డబ్బు పంచాడని ఆయన ఉత్తరాలే చెప్పాయి. ఆ ఉత్తరాలు 1923, 24 ప్రాంతంలో ల్యుమానితే అనే ఫ్రెంచి కమ్యూనిస్టు పత్రికలో బయటికొచ్చాయి. అప్పటికి బాండు కాగితం మిగిలింది, డబ్బు పోయింది.

హెచ్చరిక రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. 1905 డిసెంబరులో పీటర్స్‌బర్గ్ కార్మికుల సోవియట్, అంటే కార్మిక ప్రతినిధుల సభ, ఒక ఆర్థిక ప్రకటన వెలువరించింది. జార్ ప్రభుత్వం ప్రజలతో బాహాటంగా యుద్ధం చేస్తూ తీసుకుంటున్న అప్పులను తీర్చనివ్వబోమని అందులో స్పష్టంగా చెప్పారు. ఎవరైనా విన్నారా? నాలుగు నెలలకే, 1906 ఏప్రిల్‌లో, అప్పటివరకు రష్యా చరిత్రలోనే అతి పెద్ద విదేశీ రుణం కుదిరింది. మొత్తం 225 కోట్ల ఫ్రాంకులు, అందులో సగానికి పైగా ఫ్రాన్స్ నుంచే. రష్యా మొదటి పార్లమెంటు, డూమా, సమావేశం కావడానికి ముందే, ప్రజాప్రతినిధులు అప్పు గురించి ఒక్క ప్రశ్న వేసే అవకాశం రాకముందే, ఆ పని పూర్తి చేశారు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తొందరే. ఈ రుణం గురించి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ తొందరలో కౌంటరు ముందు నిలబడిన మనిషిని గురించి ఆలోచించినవారు ఎవరూ లేరు.

యుద్ధం వచ్చింది

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. శత్రుదేశాల మధ్య కూపన్ల చెల్లింపు వెంటనే తెగిపోయింది. మిత్రదేశాల్లో కౌంటర్లు తెరిచే ఉన్నాయిగానీ పని మారింది. శత్రువులతో వ్యాపారం నేరమని చట్టాలు వచ్చాయి. బేరర్ కాగితానికి పేరు ఉండదు కదా, మరి ఈ కూపన్ ఒక జర్మన్ ఇంటి నుంచి తటస్థ దేశం మీదుగా ఇక్కడికి చేరలేదని గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? అందుకని ఈ బాండు యుద్ధానికి ముందునుంచీ శత్రుదేశస్థులది కాదని రాసిచ్చే ధ్రువీకరణ పత్రాలు వాడుకలోకి వచ్చాయి. అంతవరకు కాగితాన్ని మాత్రమే చూసిన బ్యాంకు ఇప్పుడు మనిషిని కూడా చూడవలసి వచ్చింది. శాంతికాలంలో నిమిషంలో అయ్యే పని యుద్ధకాలంలో ఒక ప్రత్యేక సేవగా మారిందంటే కారణం ఇదే.

అసలు సమస్య అంతకన్నా లోతైనది. రష్యా విదేశీ వడ్డీని దేనితో కట్టేది? గోధుమలతో. నల్ల సముద్రపు ఓడరేవుల నుంచి ధాన్యం ఓడలు దార్దనెల్స్ జలసంధి దాటి పశ్చిమానికి వెళ్తే, వచ్చిన మారకద్రవ్యంతో పారిస్‌లో, లండన్‌లో కూపన్లకు డబ్బు జమ అయ్యేది. 1914 శరదృతువులో తుర్కీ ఆ జలసంధిని మూసేసింది. ధాన్యం ఆగింది, మారకద్రవ్యం ఆగింది. ఒక పక్క తుపాకులు, గుండ్లు విదేశాల నుంచి కొనాలి, ఇంకో పక్క పాత అప్పుల వడ్డీ కట్టాలి. అప్పు తీసుకోవడానికి హామీగా రష్యా తన బంగారాన్ని బ్రిటన్‌కు ఓడలకెక్కించింది. మొదటి విడత 80 లక్షల పౌన్ల విలువైనది, 1917 నాటికి మొత్తం 6 కోట్ల 80 లక్షల పౌన్ల విలువైన బంగారం అలా తరలిపోయింది.

1915 ఫిబ్రవరిలో ముగ్గురు ఆర్థికమంత్రులు పారిస్‌లో కలిశారు. ఫ్రాన్స్ నుంచి రిబో, బ్రిటన్ నుంచి లాయడ్ జార్జ్, రష్యా నుంచి పీటర్ బార్క్. యుద్ధపు ఆర్థిక భారాన్ని కలిసి మోద్దామని అనుకున్నారు. అక్కడినుంచి ఫ్రాన్స్‌లో రష్యా కూపన్ల చెల్లింపుకు కావలసిన డబ్బును ఫ్రాన్సే రష్యాకు అప్పుగా ఇవ్వడం మొదలైంది. మరోసారి చెబుతాను, ఎందుకంటే నా ప్రసంగమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది. ఫ్రాన్స్ రష్యాకు అప్పు ఇస్తుంది, ఆ అప్పు పారిస్‌లోనే ఉంటుంది, అక్కడినుంచి బ్యాంకు కౌంటరుకు చేరుతుంది, కౌంటరు నుంచి ఫ్రెంచి పౌరుడి చేతికి వెళ్తుంది. రష్యా నుంచి ఒక్క ఫ్రాంకు కదలలేదు. అదే పౌరుడు ఆ డబ్బుతో ఫ్రెంచి జాతీయ రక్షణ బాండు కొంటాడు, లేదా పన్ను కడతాడు. అంటే తన జేబులోంచి తీసిన డబ్బే చుట్టూ తిరిగి తన చేతిలోకి వచ్చింది. ఆయన మాత్రం రష్యా మాట నిలబెట్టుకుందనుకున్నాడు.

అప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం వేరే ఏం చేయగలదు? ఇది ఆలోచించవలసిన ప్రశ్నే. నేను ఆ మంత్రులను తేలిగ్గా నిందించడం లేదు. రష్యా బాండ్లు కొన్న కుటుంబాలు పదిహేను లక్షలకు పైగా ఉన్నాయి. ఆ కుటుంబాలే యుద్ధ రుణాలకు డబ్బు ఇవ్వాలి, వారి కొడుకులే ముందువరుసలో నిలబడి పోరాడాలి. యుద్ధం మధ్యలో, తూర్పున లక్షల సైనికులను బలి ఇస్తున్న మిత్రదేశం దివాలా తీసిందని ప్రకటిస్తే ఏమవుతుంది? కాబట్టి చెల్లింపు సాగించడం అవసరమే అయివుండవచ్చు. అయితే చెల్లిస్తున్నది మేమేనని చెప్పాలి కదా. ఆ మాట దాచిపెట్టలేదు కూడా. పార్లమెంటులో, బడ్జెట్ పత్రాల్లో మిత్రదేశాలకు ఇచ్చిన అడ్వాన్సులుగా ఆ లెక్కలు ఉన్నాయి. కౌంటరు ముందు నిలబడిన వితంతువు బడ్జెట్ పత్రాలు చదువుతుందా? ఆమె చదివేది కూపన్ మీది తేదీ ఒక్కటే.

ఆగిన రోజులు

1917 నవంబరులో లెనిన్ నాయకత్వంలోని బోల్షెవిక్‌లు అధికారంలోకి వచ్చారు. దాదాపు అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో క్లెమాంసో ప్రధాని అయ్యాడు, ఆర్థికమంత్రిగా క్లొట్జ్ ఉన్నాడు. 1918 ఫిబ్రవరి 3న, పాత రష్యన్ క్యాలెండరు ప్రకారం జనవరి 21న, సోవియట్ కేంద్ర కార్యనిర్వాహక సంఘం ప్రభుత్వ రుణాలన్నింటినీ రద్దు చేసింది. 1917 డిసెంబరు 1 నుంచే అది అమలులోకి వచ్చినట్టని రాశారు. ఆ శాసనంలో ఒక విషయం చూడండి. దేశంలోపల పదివేల రూబుళ్ళ వరకు బాండ్లు ఉన్న పేదవారికి మారుగా కొత్త రుణపత్రాలు ఇస్తామన్నారు. విదేశీ రుణాలు మాత్రం ఏ మినహాయింపూ లేకుండా, షరతులేమీ లేకుండా రద్దు. పెట్రోగ్రాడ్‌లో, అంటే పేరు మారిన పీటర్స్‌బర్గ్‌లో, ఉన్న చిన్న పొదుపరి పట్ల చూపిన దయ పారిస్‌లో ఉన్న చిన్న పొదుపరికి దక్కలేదు. 1905లో చెప్పినదే చేశాం అన్నది వారి సమాధానం.

శాసనం వచ్చిన మర్నాడే ఫ్రాన్స్‌లో కౌంటర్లు మూతపడ్డాయని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. 1918 ఆరంభంలో గడువుకు వచ్చిన కూపన్లకు కూడా ఫ్రెంచి ప్రభుత్వం డబ్బు ఏర్పాటు చేసింది. ఎందుకు చేసింది? లెనిన్ ప్రభుత్వం వారాల్లో కూలిపోతుందనీ, తర్వాత వచ్చే ప్రభుత్వం ఇదంతా ఒప్పుకుంటుందనీ ఆశ. మార్చి చివరలో ఫ్రాన్స్, బ్రిటన్ కలిసి ఒక ప్రకటన చేశాయి: ప్రభుత్వం మారినా దేశం చేసిన అప్పు మారదని, అది అంతర్జాతీయ ధర్మమని. ఆ సూత్రం నేటికీ నిలిచే ఉంది. కాని సూత్రం కూపన్‌కు డబ్బు ఇవ్వదు కదా.

చెల్లింపు ఎందుకు ఆగింది? ఒక బ్యాంకు ఉద్యోగిగా నేను దీనిని లెక్కల పుస్తకం వైపు నుంచి చూస్తాను. అంతవరకు ప్రతి చెల్లింపూ రష్యా పేరిట అప్పుగా రాయబడింది. అప్పు రాయాలంటే అప్పు తీసుకునేవాడు ఉండాలి, సంతకం చేసే చెయ్యి ఉండాలి. ఇప్పుడు పెట్రోగ్రాడ్‌లో ఉన్న ప్రభుత్వం ఆ సంతకం చేయనంటోంది, సంతకం చేస్తానన్న ప్రభుత్వం లేదు. ఇక ఇచ్చే ప్రతి ఫ్రాంకూ ఫ్రెంచి ప్రజలందరి దగ్గర వసూలుచేసి బాండు ఉన్నవారికి పంచిపెట్టిన దానమే అవుతుంది. అంతేకాక, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఇస్తే ఫ్రాన్స్ ఈ రుణాలకు పూచీపడినట్టే అని కోర్టులో ఎవరైనా వాదించవచ్చు. అదే సమయంలో బయట ఏం జరుగుతోంది? మార్చి 3న బ్రెస్ట్-లితోవ్స్క్ ఒప్పందంతో రష్యా యుద్ధం నుంచి తప్పుకుంది. మార్చి 21న జర్మనీ పశ్చిమాన పెద్ద దాడి మొదలుపెట్టింది. మార్చి 23 నుంచి నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పేల్చిన ఫిరంగి గుండ్లు పారిస్ నగరంలోనే పడ్డాయి. ఆ వసంతంలో కూపన్ల సేవ ముగిసింది. ఎక్కడా పెద్ద ప్రకటన వినిపించలేదు. ఇంతకాలం తీసుకున్న కాగితాన్ని గుమాస్తా ఇక తీసుకోవడం మానేశాడు.

ఆ గుమాస్తాను గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. నేను నలభై ఏళ్ళు కౌంటరుకు ఇవతలి వైపు కూర్చున్నవాణ్ణి. వచ్చిన మనిషికి "లేదు" అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందులోనూ ఆ కాగితాన్ని అమ్మింది అదే శాఖ, అదే కౌంటరు. అమ్మినప్పుడు బ్యాంకు గొంతులో ఉన్న ధీమాను, వసూలు ఆగినప్పుడు "మేము మీ తరఫు ఏజెంట్లం మాత్రమే" అన్న మాటను పక్కపక్కన పెట్టి చూడండి. చట్టం ప్రకారం రెండో మాట నిజం. కాని ఆ మాటను మొదటి రోజునే చెప్పవలసింది.

ఆ శరదృతువులో ఒక చిత్రమైన పని జరిగింది. యుద్ధం ముగియవచ్చిన రోజుల్లో ఫ్రాన్స్ "విముక్తి రుణం" జారీచేస్తూ, చందా మొత్తంలో సగం వరకు రష్యా కూపన్ల రూపంలో కట్టవచ్చని అనుమతించింది. ఒక కౌంటరులో పనికిరాని కాగితం పక్క కౌంటరులో డబ్బుగా చెల్లింది! మిగతా సగం నగదుగా కట్టాలి. నగదు ఉన్నవాడికి అది నిజమైన ఊరట. నగదు లేని వితంతువుకు ఆ కూపన్ కాగితంగానే మిగిలింది. అత్యంత అవసరం ఉన్నవారికే అందని సహాయం అది, అందుకే నాకు ఆ ఏర్పాటు మింగుడుపడదు.

ఇదే కథ అట్లాంటిక్ అవతల కూడా జరిగింది. 1916లో నేషనల్ సిటీ బ్యాంకు ముందుండి నడిపిన బృందాలు రష్యా పేరిట అమెరికాలో రెండు విడతలుగా మొత్తం 7 కోట్ల 50 లక్షల డాలర్ల బాండ్లు అమ్మాయి. విప్లవం తర్వాత కూడా వాటి వడ్డీ 1919 వరకు అందుతూ వచ్చింది. ఇచ్చిందెవరు? వాషింగ్టన్‌లో రష్యా రాయబారి బఖ్మేతెవ్. జార్ పతనం తర్వాత వచ్చి, ఆయన్ని పంపిన తాత్కాలిక ప్రభుత్వం అప్పటికే కూలిపోయింది. కాని అమెరికా ఇచ్చిన అప్పులో మిగిలిన డబ్బు ఆయన ఖాతాలో ఉంది. లేని ప్రభుత్వం తరఫున, అప్పిచ్చిన దేశం డబ్బుతోనే, అప్పిచ్చిన దేశపు పౌరులకు వడ్డీ. 1919లో 5 కోట్ల డాలర్ల అసలు గడువు రాగానే అది తీర్చలేకపోయారు. రెండు దేశాలు, రెండు ఖాతాలు, ఒకటే పద్ధతి.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. 1922లో ఇటలీలోని జెనోవా సమావేశంలో మాట్లాడారు, తేలలేదు. 1926, 27లో సోవియట్ రాయబారి రకోవ్‌స్కీతో పారిస్‌లో చర్చలు సాగాయి, అవీ తెగిపోయాయి. బ్రిటన్ 1986లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని, బేరింగ్స్‌లో ఏడు దశాబ్దాలుగా స్తంభించిపోయిన రష్యా నిల్వల నుంచి తన పౌరులకు కొంత పంచింది. ఫ్రాన్స్‌కు ఆ అవకాశం 1997 మే 27న వచ్చింది. రష్యా 40 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పోయినదానితో పోల్చితే అది పిసరంత.

డబ్బు పంచాలంటే ముందు ఎవరి దగ్గర ఏముందో లెక్క తేలాలి. అందుకని 1998 జులై నుంచి ఆరు నెలలపాటు ఫ్రెంచి ఖజానా కార్యాలయాలు జనాన్ని తమ బాండ్లు తెచ్చి చూపించమన్నాయి. కూపన్ల కౌంటర్లు ఆగిన 80 ఏళ్ళకు మళ్ళీ కౌంటర్లు తెరిచారు. మూడు లక్షలకు పైగా మనుషులు, ముత్తాతల పెట్టెల్లోంచి తీసిన ఆ పెద్ద పత్రాలను మడతలు విప్పి చూపించారు. నేను అలాంటి పత్రం ఒకటి ఒక సేకరణకర్త దగ్గర చూశాను. పై వరుసల్లో కూపన్లన్నీ తేదీ ప్రకారం చక్కగా కత్తిరించి ఉన్నాయి, కత్తెర గీత ఎక్కడా వంకర పోలేదు. 1918 దగ్గర కత్తెర ఆగింది. అక్కడినుంచి కింది అంచు వరకు కూపన్లన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద తేదీతో, రావలసిన మొత్తంతో.